కొండెక్కిన కొత్త చొక్కాలు

ఆదివారం తెల్లవారగానే వ్యానులో బయల్దేరాలి. కొండ మీద కింది గుడీ, పై గుడీ రెండూ చూసుకోవాలి. మధ్యాహ్నం చెట్టు నీడలో డబ్బాలు విప్పుకుని తినాలి. సాయంత్రం పక్కనే ఉన్న పాత కోట ఎక్కి, గోడ మీద కూర్చుని సూర్యాస్తమయం చూసి, చీకటి పడకముందే ఇల్లు చేరాలి. టైలరు మాస్టారు వేసిన ప్లాను ఇది. సూర్యాస్తమయం కోట మీద చూసినవాళ్ళు చీకటి పడకముందే ఇంటికెలా వస్తారని ఎవరూ అడగలేదు. మాస్టారు బట్టల డెలివరీ తేదీలు చెప్పేదీ ఈ లెక్కలోనే కాబట్టి షాపులో అందరికీ అలవాటైపోయింది.

ఆ కోట గోడ మీద ఇద్దరం పక్కపక్కన కూర్చుందామని మాస్టారు పెళ్ళైన కొత్తలో భార్యకి మాట ఇచ్చాడు. అప్పటినుంచీ అడిగినప్పుడల్లా “ఈ సీజను దాటనీ” అంటూ వచ్చాడు. పెళ్ళిళ్ళ సీజను పోతే బడి యూనిఫారాల సీజను, అది పోతే చలికోట్ల సీజను. సీజన్లు దాటిపోతూనే ఉన్నాయి, కోట అక్కడే ఉంది. చివరికి మొన్నొక రోజు ఆవిడ గుడ్డ కత్తిరిస్తూ, తల కూడా ఎత్తకుండా, మెల్లగా చెప్పింది. అరిచి ఉంటే మాస్టారు అంత భయపడేవాడు కాదు.

“ఎదురు షాపు వాళ్ళు నన్ను కటింగుకి రమ్మంటున్నారండీ. ఫ్యాను కింద బల్ల వేస్తారట. ఆదివారం సూర్యుడు మునిగేదాకా మీరు పని అన్నది ముట్టుకోకుండా నాతో ఉంటే సరే. ముట్టుకున్నారో, సోమవారం నుంచి నా కత్తెర అక్కడ ఆడుతుంది.”

ఇందులో బెదిరింపు ఎంత లోతైనదో షాపులో అందరికీ తెలుసు. బోర్డు మీద పేరు మాస్టారిది. కొలతలు తీసేదీ, కబుర్లు చెప్పేదీ ఆయనే. కానీ గుడ్డ మీద కత్తెర పెట్టేది ఆవిడ. ఆ కత్తెర ఎదురు షాపుకి వెళ్ళిపోతే ఇక్కడ మిగిలేవి టేపూ, మాస్టారి మాటలూ. ఆ రెండింటితో ఎవరికీ జాకెట్టు తయారవదు.

అందుకని తక్కినవాళ్ళు ముగ్గురూ రహస్యంగా ఒక తీర్మానం చేసుకున్నారు. ఒకాయన కాజాల బాబాయి. కాజాలు కుట్టడంలో దిట్ట, పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ “కాదు” అని చెప్పి ఎరగడు. రెండో మనిషి చీరలకి ఫాల్సు కుట్టే ఫాల్సు పిన్ని. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, గొంతు వీధి చివరికి వినిపిస్తుంది. మూడోవాడు మాస్టారి బావమరిది, వ్యాను తోలేవాడు. కొండ మీద ఏ పని మాస్టారి మీద పడబోయినా మధ్యలోనే తాము అందుకోవాలి, ఆయన చేతులకి మాత్రం పని అంటకూడదు అన్నది ఆ తీర్మానం.

ఇక ఫాల్సు పిన్ని తప్పిపోయే సమస్య ఒకటి మిగిలింది. పోయినసారి సినిమాకి తీసుకెళితే ఆవిడ కబుర్లలో పడి వేరే కుటుంబంతో కలిసి వాళ్ళింటికి వెళ్ళిపోయింది. అందరూ ఒకే రంగు వేసుకుంటే ఈ గొడవ ఉండదని మాస్టారు అన్నాడు. అంటూనే ఆయన చూపు మూలనున్న గుట్ట మీద పడింది. అవి ఆవపిండి రంగు చొక్కాలు. ఒక పొట్టి కాంట్రాక్టరు సైజులు మాత్రం రాసిచ్చి కుట్టమన్నవి. ఎవరికి, ఎందుకు అని మాస్టారు అడగలేదు. మనిషి గురించి ఆయనకి కావలసింది ఛాతీ, నడుము, చెయ్యి పొడుగు మాత్రమే. శుక్రవారానికే చొక్కాలు తయారయ్యాయి కానీ “బటన్లు రాలేదు సార్, సోమవారం ఖాయం” అని చెప్పి కాంట్రాక్టరుని పంపించేశాడు. అడిగిన రోజుకి ఇచ్చేస్తే షాపుకి గిరాకీ లేదనుకుంటారని ఆయన సిద్ధాంతం.

“ఎవరివో బట్టలు మనమెలా వేసుకుంటామండీ?” అంది భార్య.

“ఒక్క పూట. ఉతికి ఇస్త్రీ చేసేస్తే దేవుడికి కూడా తెలియదు.”

“వెళ్ళేది ఆయన దగ్గరికే కదండీ.”

ఈ ప్రశ్నకి మాస్టారు ఇంకా జవాబు వెతుకుతూ ఉండగానే వ్యాను కొండ కిందికి చేరింది. ఆడవాళ్ళిద్దరూ చీరల మీద చొక్కాలు కోట్లలాగా తొడుక్కున్నారు. మగవాళ్ళు బుద్ధిగా గుండీలు పెట్టుకున్నారు. గేటు దగ్గర కాపలావాడు వ్యాను లోపలికి తొంగి చూసి, చటుక్కున సలాం కొట్టి, అందరినీ ఆపిన దారి పక్కన ఇంకో దారి తెరిచాడు.

“అదేమిటి బావా, మనకి సలాం కొడుతున్నాడు?” అన్నాడు బావమరిది.

“అందరూ ఒకేలా తయారైతే వచ్చే మర్యాదే వేరురా. చూశావా మరి!” అన్నాడు మాస్టారు కాలరు సవరించుకుంటూ.

గేటు పక్కన నిలువెత్తు బోర్డు ఒకటి ఉంది. మర్యాద స్వీకరించే హడావిడిలో ఎవరూ దాన్ని చదవలేదు.

పైన జనం తిరునాళ్ళలా ఉన్నారు. వీళ్ళు వ్యాను దిగీ దిగకముందే ఒక తల్లి పిల్లల చెప్పులు చేత పట్టుకుని కాజాల బాబాయి ముందుకొచ్చి, “ఇవెక్కడ పెట్టాలి బాబాయిగారూ?” అని అడిగింది. తనని బాబాయి అంటారని ఈ కొండ మీద వాళ్ళకి కూడా తెలుసా అని ఆయన పొంగిపోయాడు. “ఇక్కడ పెట్టమ్మా, నేను చూస్తూ ఉంటాలే” అన్నాడు. ఆ మాట ఆవిడ వెనక నిలబడ్డవాళ్ళూ విన్నారు, వాళ్ళ వెనకవాళ్ళూ విన్నారు. కాసేపటికి బాబాయి మోకాళ్ళ దాకా చెప్పుల్లో ఉన్నాడు. అలవాటుగా జేబులో ఉన్న సుద్దముక్క తీసి, గుడ్డ మీద గుర్తు పెట్టినట్టు ప్రతి జతకీ అడుగున ఒక గుర్తు గీసి, చెప్పులు ఇచ్చినవాళ్ళ అరచేతిలో కూడా అదే గుర్తు గీసి పంపించసాగాడు.

“బాబాయ్, దర్శనానికి రావా?” అని మాస్టారి భార్య అడిగితే, “నువ్వు పదమ్మాయ్, ఈ నాలుగు జతలూ చూసి వచ్చేస్తా” అన్నాడు. అప్పటికే ఆయన వెనక ఇంకో గుట్ట మొదలైంది.

అంతలో సాదా నేత చీర కట్టుకుని, చేతిలో గొడుగు పట్టుకున్న ఒక తెల్లజుట్టు పెద్దావిడ సరాసరి మాస్టారి దగ్గరికి వచ్చింది. “దర్శనం లైను ఎటు వెళ్ళాలి బాబూ?”

మాస్టారు నోరు తెరిచాడు. దారి చూపించడం పని కిందికే వస్తుందేమోనన్న భయంతో ఫాల్సు పిన్ని మధ్యలోకి ఒక్క ఉరుకు ఉరికింది.

“ఆయన్నేమీ అడక్కండమ్మా! ఆయన పని చెయ్యరు! ఏదున్నా నాకు చెప్పండి!”

ఈ మాట ఆవిడ గొంతుతో రెండు గుళ్ళకీ వినిపించింది. ఇంత బాహాటంగా పని చెయ్యనని చాటించుకుంటున్నాడంటే ఇతనెవరో చాలా పెద్ద ఆఫీసరై ఉండాలని జనం నిర్ణయానికి వచ్చారు. వెంటనే ఫిర్యాదులన్నీ మాస్టారి చుట్టూ మూగాయి. కుళాయిలో నీళ్ళు రావడం లేదని ఒకరు, మెట్లు మరీ ఎత్తుగా కట్టారని ఒకరు. మాస్టారు ఏమీ చెయ్యకూడదు కాబట్టి చేతులు వెనక్కి కట్టుకుని, పెదవి విప్పకుండా, ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆ నిలబడడం చూశాక మిగిలిన కొద్దిమంది అనుమానం కూడా తీరిపోయింది.

పిన్ని లైను సంగతి చేతిలోకి తీసుకుంది. ఆవిడకి తెలిసిన పద్ధతి షాపు పద్ధతి ఒక్కటే. “అర్జెంటు వాళ్ళు ఇటు! మామూలు వాళ్ళు అటు!” అని అరిచింది. దేవుడి దగ్గరికి వచ్చి తన పని మామూలుదని ఎవరు ఒప్పుకుంటారు? కొండంతా అర్జెంటు లైనులోకి వచ్చి పడింది. గొడుగు పెద్దావిడ ఒక్కతే నవ్వుకుంటూ మామూలు లైనులో నిలబడి, అందరికన్నా ముందు దర్శనం చేసుకుని బయటపడింది. అది చూసి అర్జెంటు వాళ్ళందరూ మామూలైపోయారు. పిన్ని వాళ్ళని తిట్టి మళ్ళీ అర్జెంటు చేసింది. మధ్యలో రంగురంగుల చొక్కాలు వేసుకున్న మనుషులు కొందరు వచ్చి, “అమ్మా, ఇది మా పనండీ” అని ఏదో చెప్పబోతే, “ఎవరి పనైనా సరే, లైన్లో రా నాయనా!” అని వాళ్ళని కూడా వెనక్కి పంపింది.

బావమరిది పరిస్థితీ అంతే. దారి తెరిచి ఉంది కదా అని ఒక ముసలాయన్ని జాలిపడి వ్యానులో పైకి తెచ్చాడు. కిందికి వెళ్ళేసరికి ముసలివాళ్ళు వరస కట్టి ఉన్నారు. వాళ్ళలో కొందరికి నడివయసైనా దాటలేదు.

ఈ తోపులాటలో మాస్టారి భార్య ఒంటరిగానే గర్భగుడి ముందుకు కొట్టుకుపోయింది. ఒంటరిగానే దణ్ణం పెట్టుకుంది. పక్కన మొగుడు ఉన్నాడనుకుని “మీరూ అడగండి” అంది. పక్కనున్న ఎవరో మీసాలాయన “దేన్ని గురించండీ?” అన్నాడు. బయటికొచ్చి చూస్తే మాస్టారు గుంపు నడుమ ఉన్నాడు. చుట్టూ జనం చేతులు ఊపుతూ ఏవో అడుగుతున్నారు. షాపులో సీజను రోజున ఎలా ఉంటాడో అచ్చంగా అలాగే ఉన్నాడు.

ఆవిడకి ఏడుపూ, కోపమూ ఒక్కసారే వచ్చాయి. “ఇక్కడికొచ్చి కూడా! దేవుడి ముందు కూడా!” అనుకుంది. ఇక ఆయన వైపు చూడదలచుకోలేదు. అప్పుడే ఒక టీచర్ల గుంపు వచ్చి, “మేడం, కోట మీరే చూపిస్తారా?” అని అడిగింది. కోట పేరు వినగానే ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

“పదండి. నేనైనా చూడాలి కదా” అంది.

మధ్యాహ్నం తినాల్సిన డబ్బాలు డబ్బాలుగానే ఉండిపోయాయి. ఎండ వాలింది. ఆకాశంలోకి చూసి చూసి మాస్టారికి మెడ పట్టేసింది. భార్య కనబడక ప్రాణం ఉసూరుమంటోంది. వెతుకుదామంటే జనం కదలనివ్వరు. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. ఫోను ఎత్తడం పని కిందికి రాదని తనకి తానే తీర్పు చెప్పుకుని ఎత్తాడు.

“మాస్టారూ! నా చొక్కాలేవయ్యా?” అంది పొట్టి కాంట్రాక్టరు గొంతు. “ఆదివారం అవసరం ఉందని నెత్తీ నోరూ కొట్టుకున్నాను! సాయంత్రం పెద్ద మేడం వస్తున్నారు!”

ఏళ్ళ తరబడి చెప్పిన అబద్ధం నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. “అదే పనిలో ఉన్నాం సార్. ఆఖరి బటను కుడుతున్నాం.”

గుడి గంట ఖంగుమంది.

“ఆ గంటేమిటి?”

“షాపు పక్కన గుడి సార్.”

“ఇక్కడ కూడా మోగిందే” అన్నాడు కాంట్రాక్టరు.

మళ్ళీ గంట మోగింది. మాస్టారు మెల్లగా తల తిప్పాడు. నాలుగు బారల దూరంలో, స్తంభం పక్కన, చెవికి ఫోను ఆనించుకుని పొట్టి కాంట్రాక్టరు కూడా మెల్లగా తల తిప్పుతున్నాడు. ఆయన వెనక రంగురంగుల చొక్కాల మనుషులు. వాళ్ళ వెనక ఒక పెద్ద బోర్డు. గేటు దగ్గర ఉన్న బోర్డుకి ఇది కవల. మాస్టారు ఆ రోజు మొదటిసారిగా దాన్ని చదివాడు. “యాత్రికులకు కొత్త సేవ. ఈ ఆదివారం నుంచి గుడిలో, కోటలో ఏ సహాయం కావాలన్నా ఆవపిండి రంగు చొక్కాల సిబ్బందిని అడగండి.”

కింది గుడీ, పై గుడీ, కోటా కలిసి మాస్టారి చుట్టూ గిర్రున తిరిగాయి. ఆయన ఫోను జేబులో పెట్టుకుని పరుగు లంకించుకున్నాడు.

“పట్టుకోండి! ఆ చొక్కాని పట్టుకోండి!” అని అరుస్తూ కాంట్రాక్టరు వెంటబడ్డాడు. ఆయన వెనక, కొత్త చొక్కాలు అందని ఆయన రంగురంగుల సిబ్బంది. ఆఫీసరుగారే పరుగెత్తుతున్నారంటే కోట తలుపులు మూసేస్తున్నారేమోనని జనం కూడా పరుగు తీశారు. మాస్టారి మీద పెద్ద పనేదో పడబోతోందనుకుని పిన్ని పరుగెత్తింది. “మా చెప్పులు, బాబాయిగారూ!” అని కొందరు అరిస్తే, కాదనలేని బాబాయి దుప్పటిలో చెప్పులు మూట కట్టి, భుజాన వేసుకుని, గుర్తులు చూసి పంచుకుంటూ పరుగెత్తాడు. పైకొచ్చిన వ్యానులోంచి ముసలివాళ్ళు దిగి, ఏమిటో తెలియకపోయినా, అందరినీ దాటి పరుగెత్తారు.

కోట లోపల, పడమటి గోడ మెట్ల మీద నిలబడి మాస్టారి భార్య టీచర్లకి చరిత్ర చెబుతోంది. మధ్యాహ్నం నుంచీ వాళ్ళని కోటంతా తిప్పి, చెప్పి చెప్పి గొంతు కాస్త బొంగురుపోయింది. ఆవిడకి ఆ కోట గురించి ఒక్క ముక్క తెలియదు. అయినా ఎక్కడా తడుముకోవడం లేదు.

“ఈ కోట కట్టిన రాజుగారు మాటలు బాగా చెప్పేవారు. కోట కట్టింది మాత్రం రాణిగారే. ఏ రాయి ఎక్కడ కొయ్యాలో, ఎక్కడ అతకాలో అంతా ఆవిడే చూసేది. పేరు మాత్రం రాజుగారిది. దానికావిడ ఏమీ అనుకోలేదు. ఆవిడ కోరింది ఒక్కటే. ఈ గోడ మీద ఒక్క సాయంత్రం పక్కపక్కన కూర్చుని సూర్యుణ్ణి చూద్దామని, అంతే. రాజుగారు ఎప్పుడడిగినా యుద్ధం ఉంది, ఈ సీజను దాటనీ అనేవారు.”

“యుద్ధాలకి కూడా సీజను ఉంటుందా మేడం?” అని ఒక టీచరు అడిగింది.

“పెళ్ళిళ్ళకుంటే యుద్ధాలకెందుకుండదమ్మా?”

టీచర్లు ఆలోచనలో పడ్డారు.

“మరి రాణిగారు ఏం చేశారు?”

“ఎదురు కోట వాళ్ళు పిలిచారు. ఫ్యాను కింద...” ఆవిడ ఆగింది. “వెళ్ళాలని లేదండీ ఆవిడకి. ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు ఆయన పని మానుకుని పక్కన ఉంటే చాలనుకుంది. అది కూడా కుదర్లేదు. ఇక వెళ్ళిపోదామనే అనుకుంది.”

గుంపు వెనకకి చేరి, రొప్పుతూ, మాస్టారు ఈ చివరి మాటలు విన్నాడు. అక్కడున్న అందరిలో ఆ చరిత్ర పూర్తిగా అర్థమైనవాడు ఆయనొక్కడే. కళ్ళ నీళ్ళు తిరిగాయి. పని ముట్టుకోలేదని చెప్పాలి. చెబితే ఆవిడ నమ్మదు. ఇన్నేళ్ళూ ఆయన చెప్పినవాటిలో ఏదీ నిజం కాలేదు మరి.

అప్పుడే వెనక నుంచి కాంట్రాక్టరు ఎగిరి ఆయన మెడ పట్టుకున్నాడు.

“ఈ కాలరు నాది! ఈ చేతులు నావి! విప్పవయ్యా నా చొక్కా!”

“ఏమిటీ గొడవ?” అంది ఒక గొంతు. అదేమంత పెద్ద గొంతు కాదు. కానీ కాంట్రాక్టరు మాస్టారి మెడ వదిలి, పట్టిన చేత్తోనే నమస్కారం పెట్టాడు. టీచర్ల నడుమ కూర్చున్న గొడుగు పెద్దావిడ లేచి నిలబడింది. గుడీ, కోటా చూసుకునే పెద్ద మేడం ఆవిడే. కొత్త సేవ ఎలా ఉందో చూద్దామని ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే వచ్చి, రోజంతా కొండ మీదే తిరుగుతోంది.

“నీ సిబ్బంది బాగున్నారయ్యా” అందావిడ కాంట్రాక్టరుతో. “చెప్పులు దాచిన పెద్దాయన బంగారం. ఆ లైను చూసిన తల్లి నోరు మంచిది కాదు కానీ మనిషి మంచిది. ఈ అమ్మాయి చరిత్ర చెబుతుంటే నాకు కన్నీళ్ళొచ్చాయి.”

కాంట్రాక్టరు నిజం చెబితే తన సిబ్బందికి చొక్కాలు ఇవ్వలేదని తేలిపోతుంది, చెప్పకపోతే పరువు దక్కుతుంది. ఆయన కక్కలేక మింగేశాడు. “బాగా ట్రైనింగిచ్చాం మేడం.”

“కానీ ఇతనున్నాడే” అని ఆవిడ గొడుగు ఎత్తి మాస్టారి వైపు చూపించింది. “పొద్దున్నుంచీ కనిపెట్టి చూస్తున్నాను. ఒక్కటంటే ఒక్క పని ముట్టుకోలేదు. దారి అడిగితే చెప్పలేదు. చేతులు వెనక్కి కట్టుకుని ఆకాశం చూస్తూ నిలబడ్డాడు. పైగా ఆయన పని చెయ్యరని పక్కవాళ్ళ చేత చాటింపు! ఇలాంటి సోమరిపోతుని నేను నా జన్మలో చూడలేదు. ఈ క్షణమే ఉద్యోగంలోంచి తీసెయ్!”

మెట్ల మీద మాస్టారి భార్య ముఖం వెలిగిపోయింది.

“ఒక్క పని కూడా చెయ్యలేదా మేడం? నిజంగానా?”

“నా కళ్ళతో చూశానమ్మా. సాయంత్రం దాకా చెయ్యి కదిపితే ఒట్టు.”

ఆవిడ గబగబా మెట్లు దిగి, జనాన్ని తోసుకుంటూ వచ్చి, అందరి ముందూ మాస్టారి చెయ్యి పట్టుకుంది. పొద్దున్నుంచీ వెనక్కి కట్టుకుని కట్టుకుని ఆ చెయ్యి కొయ్యబారి ఉంది. “చెప్పచ్చు కదండీ!” అంది. “నువ్వు నమ్ముతావా?” అన్నాడాయన. “నమ్మను” అంది ఆవిడ నిజాయితీగా. పెద్ద మేడానికి ఇదేమీ బోధపడలేదు. ఉద్యోగం పోయినందుకు ఇంత సంతోషించే జంటని ఆవిడ సర్వీసులో ఎప్పుడూ చూడలేదు.

ఇద్దరూ వెళ్ళి గోడ మీద పక్కపక్కన కూర్చున్నారు. ఎదురుగా సూర్యుడు ఎర్రగా, నింపాదిగా కిందికి జారుతున్నాడు.

“ఎదురు షాపుకి వెళ్ళవుగా?”

“వెళ్ళను. కానీ ఫ్యాను కిందకి నా బల్ల రావాలి. బోర్డు మీద నా పేరు కూడా ఉండాలి, మీ పేరు కన్నా పైన.”

“రేపే రాయిస్తా.”

ఆవిడ ఆయన వంక చూసింది.

“ఇవాళే” అన్నాడు మాస్టారు. “ఇంటికెళ్ళే దారిలోనే పెయింటరు తలుపు కొడతా.”

వెనక నుంచి టీచర్లు మెల్లగా దగ్గరికి వచ్చారు. వాళ్ళ వెనక, చేతులు నలుపుకుంటూ, చొక్కాల కోసం కాంట్రాక్టరు.

“మేడం, ఆ రాణిగారు చివరికి ఏమయ్యారో చెప్పనే లేదు!”

మాస్టారి భార్య సూర్యుడి మీంచి చూపు తిప్పలేదు. “ఇవాళ్టికి కట్టేశామమ్మా. రేపు రండి” అంది.

అది తనకి కూడా కలిపి చెప్పిన జవాబేనని గ్రహించి, కాంట్రాక్టరు తన రంగురంగుల సిబ్బందిని వెంటబెట్టుకుని కొండ దిగాడు.